డొనేషన్ పేరుతో జరిగే వసూళ్లు ఆపించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మాన్యులు ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

తిరువూరు నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మా ప్రాంతంలో మామిడి కోతలూ బడుల్లో చేరికలూ ఒకే కాలంలో వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఏ.కొండూరు మండలాల తోటల నుంచి కాయ లారీలకెక్కుతుంది. తోట కౌలుకు తీసుకున్న రైతు చేతిలో, కాయ కోసిన కూలీ చేతిలో కాస్త డబ్బు ఆడేది ఆ రోజుల్లోనే. ఆ డబ్బు ఇంట్లో నిలవదు. పిల్లవాణ్ణి ఏ బడిలో వేద్దాం, ఎంతవుతుంది అనే లెక్క వెంటనే మొదలవుతుంది. ఇంటి అరుగు మీదా, బస్టాండు దగ్గర టీ కొట్టులోనూ ఆ లెక్క వినపడుతూనే ఉంటుంది. "ఫీజు సంగతి సరే, డొనేషన్ ఎంతన్నారు?" అని ఒకరు అడుగుతారు. "కాస్త తగ్గిస్తారేమో, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని ఇంకొకరు ఆరా తీస్తారు. ఈ లేఖ ఆ మాట గురించి, ఆ మాట చాటున జరుగుతున్న వసూలు గురించి.

ఇంగ్లీషులో డొనేషన్ అంటే ఒక మంచి పనికో, సంస్థకో, నిధికో మనసు పుట్టి ఇచ్చేది. ఇచ్చినవాడు దానికి బదులుగా ఏమీ పుచ్చుకోడు. లాటిన్‌లో 'డోనుమ్' అంటే కానుక. ఆ మాటా మన 'దానమూ' ఒకే మూలధాతువు నుంచి పుట్టినవని భాషాశాస్త్రం ఏనాడో తేల్చింది. ఆ రకంగా డొనేషన్ మనకు దూరపు చుట్టమే. అదీగాక ఇవ్వడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. ఎదుటి మనిషికి ఇస్తే దానం, ఒక నిధికి పంపితే విరాళం, పదిమందీ తలా ఇంత వేసుకుంటే చందా, దేవుడికి సమర్పిస్తే కానుక. వీటిలో ఏ ఒక్కటీ ఇవ్వకపోతే పని జరగదని చెప్పి పుచ్చుకునేది కాదు. మన ఊళ్లలో మాత్రం బడి సీటు కోసం, కాలేజీ సీటు కోసం ఫీజు పైన గుంజే డబ్బుకు డొనేషన్ అనే పేరు స్థిరపడిపోయింది. హైస్కూలు పిల్లను పిలిచి డొనేషన్ అంటే ఏమిటమ్మా అంటే, స్కూల్లో చేరేటప్పుడు కట్టేది అని చెబుతుంది. 'నో డొనేషన్' అని బ్యానర్లు కట్టి ప్రచారం చేసుకునే బడులు కూడా వచ్చాయి. మేము దానం తీసుకోము అని ఒక విద్యాసంస్థ గోడ మీద రాసుకోవలసి వచ్చిందంటే, ఆ పేరుతో చుట్టూ ఏం జరుగుతున్నదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఒక తెలుగు మాస్టారికి పదాల పట్టింపు సహజమే అని మీరు ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టవచ్చు. దయచేసి పెట్టకండి. ఉద్యోగ విరమణ తర్వాత నేను, నా పాత విద్యార్థులు కొందరు కలిసి ప్రభుత్వ బడుల కోసం విరాళాలు అడుగుతూ తిరుగుతున్నాం. మరుగుదొడ్డికి తలుపు, తాగునీటికి ఫిల్టరు, పదో తరగతి పిల్లలకు సాయంత్రం స్టడీ అవర్ జరిగేటప్పుడు గుగ్గిళ్లో బిస్కెట్లో, లైబ్రరీకి నాలుగు పుస్తకాలు. మేం అడిగేవి ఇలాంటివి. చాలామంది ఇస్తారు. కానీ తలుపు దగ్గరే ఆగిపోయే ఇళ్లూ చాలా ఉన్నాయి. "డొనేషనా మాస్టారూ? మా వాడి స్కూల్లో ఇప్పుడే కట్టొచ్చామండీ" అంటారు. ఆ తండ్రి పిసినారి కాదు. అతని దృష్టిలో అతను ఇవ్వవలసిన డొనేషన్ ఇచ్చేశాడు. చదువు పేరుతో ఇచ్చాడు, విద్యాసంస్థకే ఇచ్చాడు, అప్పు చేసి ఇచ్చాడు. మళ్లీ చదువు పేరుతోనే నేను వెళ్లి చెయ్యి చాపితే, అతనికి ఆ స్కూలు కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికీ నాకూ తేడా కనపడదు. అతన్ని నేను తప్పుపట్టలేను. బలవంతపు వసూలు ఆ తండ్రి జేబును ఎంత ఖాళీ చేస్తున్నదో, ఇచ్చే మనసును కూడా అంత ఖాళీ చేస్తున్నది. నా బాధంతా ఇదే.

ఇక చట్టం సంగతి. ఈ పేరు వెనుక దాగిన వసూలు మీద ప్రభుత్వాలు కళ్లు మూసుకుని కూర్చున్నాయని నేను అనను. సీటు కోసం ఫీజు పైన గుంజే ఈ డబ్బుకు చట్టంలో పేరు కాపిటేషన్ ఫీజు. దాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. దేశంలో ముందుగా ఆ పని చేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 1992లో కర్ణాటక వైద్య కళాశాలల వసూళ్ల మీద మోహినీ జైన్ కేసులో సుప్రీంకోర్టు కాపిటేషన్ ఫీజు తగదని చెప్పింది. మరుసటి ఏడాది వచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పులో ప్రతివాదిగా ఉన్నది మన రాష్ట్రమే. ఆ తీర్పులో చెప్పిన ప్రవేశాల పద్ధతి తర్వాతి తీర్పులతో మారింది. కానీ 2005లో ఇనాందార్ కేసు దాకా, సంస్థలు నడవడానికి తగిన మిగులు ఉంచుకోవచ్చు గానీ కాపిటేషన్ ఫీజు తీసుకోకూడదు, విద్యను లాభాల వ్యాపారం చేయకూడదు అన్న మాట మీద మాత్రం కోర్టు నిలబడే ఉంది.

బడి పిల్లల విషయంలో ఇంతకన్నా సూటిగా చెప్పింది 2009 నాటి విద్యాహక్కు చట్టం. కాపిటేషన్ ఫీజు అంటే ఏమిటో ఆ చట్టం నిర్వచించింది. బడి ముందుగా ప్రకటించిన ఫీజు తప్ప, విరాళం అన్నా, చందా అన్నా, మరే చెల్లింపు అన్నా, అదంతా కాపిటేషన్ ఫీజే. ఆ నిర్వచనంలో డొనేషన్ అనే మాట స్పష్టంగా ఉంది. అది వసూలు చేసిన బడికి, తీసుకున్న దానికి పది రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. చట్టం రాసినవాళ్లకు ఈ మాటను ఎలా వాడుకుంటారో ముందే తెలుసునన్నమాట. తెలిసి, పేరు మార్చినా తప్పించుకోలేని విధంగా రాశారు. అయినా పదిహేనేళ్లు దాటిన తర్వాత కూడా తిరువూరు తండ్రికి ఆ సంగతి తెలియదు. అతనికి తెలిసిందల్లా ఫీజుకు అచ్చు రసీదు ఇస్తారనీ, డొనేషన్‌కు తెల్లకాగితం మీద అంకె వేసి ఇస్తారనీ, లేదా అదీ ఇవ్వరనీ. అతను అడగడు. ఎందుకు అడుగుతాడు? కన్నబిడ్డ రేపటి నుంచి ఆ గేటు లోపలే ఉండాలి కదా.

ఈ వసూలుకు ఎప్పటికప్పుడు కొత్త పేర్లు వస్తుంటాయి. బిల్డింగ్ ఫండ్, డెవలప్‌మెంట్ ఫండ్, కార్పస్ ఫండ్, తిరిగి రాని కాషన్ డిపాజిట్. నా అనుభవంలోనూ ఒక సంగతి ఉంది. దగ్గరి బంధువుల పిల్లవాడి కోసం నేనే ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీకి వెళ్లాను. అడిగిన మొత్తానికి రసీదు ఇమ్మంటే, ఇది మీరు సంస్థ అభివృద్ధికి ఇష్టంగా ఇస్తున్నది కాబట్టి ఫీజు రసీదులో చూపించము అన్నారు. ఇష్టంగా ఇస్తున్నదైతే ఇవ్వకుండా కూడా ఉండవచ్చా అని అడిగాను. అప్పుడు సీటు సంగతి మళ్లీ చూడాలి అన్నారు. ఆ మాటతో డొనేషన్ అనే పదానికి అక్కడ ఉన్న అర్థం పూర్తిగా తెలిసింది.

మంత్రి గారూ, ఇందులో మరీ మనసు నొప్పించేది ఇంకొకటుంది. ఇలా వసూలు చేసే సంస్థల్లో చాలావాటిని నడిపేది సొసైటీలు, ట్రస్టులు. అంటే కాగితం మీద అవి ధర్మసంస్థలు. మన ఆదాయపు పన్ను చట్టం విద్యను ధర్మకార్యంగా గుర్తించింది, పేదలకు సాయం, వైద్యసాయం పక్కనే దానికి చోటిచ్చింది. ఈ ఆలోచన మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 1601లో ఎలిజబెత్ రాణి కాలపు శాసనం ఏవేవి ధర్మకార్యాలో ఒక పట్టిక రాసింది. 1891లో పెమ్సెల్ కేసులో లార్డ్ మెక్‌నాటన్ వాటిని పేదరిక నివారణ, విద్య, మతం, ప్రజలకు మేలు చేసే ఇతర పనులు అని నాలుగుగా విడదీశాడు. పన్ను మినహాయింపు ఇచ్చేది ఎందుకంటే, ప్రభుత్వం చేయవలసిన పనిలో కొంత వాళ్లు తలకెత్తుకుంటున్నారని. ఆ సంస్థలకు వచ్చే డబ్బు గురించి మన చట్టం వాడిన మాట 'స్వచ్ఛంద' విరాళం. స్వచ్ఛందం కానిది విరాళమే కాదు.

మన రాష్ట్రం నుంచే వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబరు 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మీ శాఖ అధికారులు మీ ముందు ఉంచే ఉంటారు. జస్టిస్ రవీంద్ర భట్ రాసిన ఆ తీర్పు ప్రకారం, విద్య కోసమే అని చెప్పి పన్ను మినహాయింపు కోరే సంస్థ నిజంగా విద్య కోసమే ఉండాలి, లాభం దాని ధ్యేయం కాకూడదు. 1987 నాటి మన రాష్ట్ర ధర్మాదాయ చట్టం కింద నమోదు కావాలన్న షరతును కూడా ఆ తీర్పు సమర్థించింది. ఒక చేత్తో ధర్మసంస్థనని చెప్పి పన్ను తప్పించుకుని, ఇంకో చేత్తో డొనేషన్ పేరుతో మామిడి కూలీ దగ్గర గుంజుకోవడం ఈ తీర్పు తర్వాత కూడా సాగుతున్నదంటే, తనిఖీ చేసేవాళ్లు లేరనే అర్థం.

డొనేషన్ అనే మాటను మన దేశంలో చట్టం కాపాడలేకపోతుందా అంటే, కాపాడిన చోట్లు ఉన్నాయి. రక్తం సంగతి చూడండి. ఒకప్పుడు ఆస్పత్రుల బయట డబ్బు కోసం రక్తం ఇచ్చేవాళ్లు ఉండేవారు. వాళ్లనూ డోనర్ అనే పిలిచేవారు. 1996లో కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు కట్టడి చేయడంతో 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం ఆగిపోవాలన్న నిషేధం అమల్లోకి వచ్చింది. ఈనాడు మా ఊళ్లో కుర్రాళ్లు పుట్టినరోజు నాడు రక్తదానం చేస్తున్నారు. ఎవరైనా దానికి డబ్బు అడిగితే నలుగురూ ఛీ అంటారు. అవయవాల విషయమూ అంతే. 1994 చట్టం ప్రకారం మూత్రపిండం ఇవ్వవచ్చు, అమ్మకూడదు. మధ్యలో రూపాయి చేతులు మారితే అది దానం కాదు, జైలుకు పంపే నేరం. జీవన్‌దాన్ పథకంలో పేరు రాసుకున్న మనిషిని డోనర్ అంటే ఆ మాటకు ఎంత గౌరవం ఉందో చూడండి. అదే మాట స్కూలు కౌంటరు దగ్గరికి రాగానే ఎందుకు నీచమైపోవాలి? శరీరం విషయంలో చట్టం చూపించిన పట్టుదలలో సగం బడి విషయంలో చూపిస్తే చాలు.

బడికి ఇవ్వడమనేది ఈ జిల్లాలకు కొత్త కాదు. మా పెద్దలు చెప్పే కాలంలో బడి స్థలం రైతు ఇచ్చేవాడు, గోడ ఊరు కట్టేది, మాస్టారికి గింజలు ఇంటింటా కొలిచేవారు. విజయవాడలో 1937లో మొదలైన కళాశాలకు ఈనాటికీ శ్రీ రాజా రంగయ్య అప్పారావు, చుండి వెంకటరెడ్డి గార్ల పేర్లే ఉన్నాయి. విశ్వనాథ సత్యనారాయణ గారు పాఠం చెప్పినదీ, నందమూరి తారక రామారావు గారు చదువుకున్నదీ ఆ కళాశాలలోనే. మాకు దగ్గరలోని నూజివీడులో ధర్మ అప్పారావు గారి పేరిట కళాశాల ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం మీద సంపాదించింది పత్రికకు, గ్రంథాలయాలకు, స్వాతంత్ర్యోద్యమానికి ధారపోశారు. జనం ఆయన్ను విశ్వదాత అన్నారు. ఇలా ఇచ్చినవాళ్లు ఎవరి పిల్లలకూ సీటు కొనలేదు.

పెద్దలే ఇచ్చారనుకుంటే సరిపోదు, సామాన్యులూ ఇచ్చారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై, జూన్ 30 లోపల తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని తీర్మానించింది. ఆ రోజుల్లో కోటి అంటే ఊహకందని మొత్తం. ఆడవాళ్లు ఒంటి మీద నగలు తీసి ఇచ్చారు. కోటీ సమకూరింది. ముప్పై ఏళ్ల తర్వాత, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు తమకు ఎనభై ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగితే, సభలో ఉన్న వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. అడిగినదాని కన్నా ఎక్కువ. దానమంటే ఉన్నదాన్ని సమంగా పంచుకోవడమేనని వినోబా దేశమంతా తిరిగి చెప్పారు.

మీ శాఖ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. చాలా మంచి పని చేశారు. ఆ తల్లి 1841లో పుట్టి 1909లో కన్నుమూసింది. గోదావరి లంకల్లోని గన్నవరంలో, ఏటి దారిన వచ్చిన బాటసారికి వేళగాని వేళలో కూడా విస్తరి వేసింది. ఏ కులమని అడగలేదు. ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకానికి పిలుపు వస్తే, అన్నం కోసం వచ్చేవాళ్లను వదిలి రాలేనందని చెబుతారు. ఆమె పేరు రాసి ఉన్న గిన్నెలో పప్పన్నం తినే పిల్లవాడు ఒక బడిలో, డొనేషన్ కట్టలేక వెనక్కి వచ్చిన పిల్లవాడు ఇంకో బడి గేటు ముందు, ఒకే ఊళ్లో ఉన్నారు. రెండూ మీ శాఖ కిందికే వస్తాయి.

తిరువూరు ప్రాంతంలో ఇచ్చే చేతులకు ఇప్పుడూ కొదవ లేదు. దసరా తర్వాత భవానీ దీక్షలో ఉన్నవాళ్లు కొత్తగూడెం వైపు నుంచి ఇంద్రకీలాద్రికి కాలినడకన పోతుంటే రోడ్డు పొడవునా మజ్జిగ, పులిహోర పెట్టి, కాళ్లు పట్టేవాళ్లు కూడా కనపడతారు. నెమలి వేణుగోపాలస్వామి గుడి దగ్గర ఉత్సవాలకు అన్నదానం చేయడానికి పోటీ పడతారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ మునిగినప్పుడు జిల్లాలోని ఊళ్లు అన్నం వండి పొట్లాలు కట్టి పంపాయి. ఏ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో కుటుంబాలు కుప్పకూలుతుంటే మంచినీళ్ల కోసం, మందుల కోసం సాయం చేసినవాళ్లున్నారు. వీళ్లలో ఎవరూ దీన్ని డొనేషన్ అనరు. సాయం అంటారు, సేవ అంటారు, పుణ్యం అంటారు. డొనేషన్ అనే ఆ మంచి మాట వాళ్ల నోటికి రాకపోవడానికి కారణం, అది స్కూలు గదుల్లో మురికి పట్టిపోవడమే.

బడులే కాదు, మిగతా చోట్ల కూడా ఈ మాటను పెద్దలే పలచన చేస్తున్నారని నా అభిప్రాయం. తిరుమలలో శ్రీవాణి ట్రస్టుకు పది వేలు ఇచ్చినవారికి బ్రేక్ దర్శనం టికెట్ కొనుక్కునే వీలు ఇస్తున్నారు. ఆ డబ్బుతో గుళ్లు కడతారు, అది మంచి పనే. కానీ దర్శనం దానికి బదులుగా వస్తున్నప్పుడు దాన్ని టికెట్ ధర అనడమే న్యాయం. అలాగే 2025 ఉగాది నాడు ప్రభుత్వం మొదలుపెట్టిన పీ4లో, సంపన్నులు మార్గదర్శులై పేద కుటుంబాలకు అండగా నిలవాలన్న ఆలోచన ఉన్నతమైనది. కింది స్థాయిలో ఉపాధ్యాయుల మీద ఒత్తిడి వచ్చిందని సంఘాలు ఆందోళన చెందడం, ఇది పూర్తిగా స్వచ్ఛందమని ప్రభుత్వం చెప్పవలసి రావడం మనం చూశాం. పైనుంచి ఎంత మంచి మాట చెప్పినా, కింద టార్గెట్ అయిపోతే ఇచ్చేవాడికి అది జరిమానాలాగే తోస్తుంది.

ప్రైవేటు బడి నడిపేవాళ్ల కష్టం నాకు తెలియక కాదు. నా విద్యార్థుల్లోనే అలాంటి బడులు నడిపేవాళ్లున్నారు. అద్దె, జీతాలు, వ్యాన్ల డీజిలు, కరోనా తర్వాత పెరిగిన బకాయిలు, ఇవన్నీ నిజం. 2021 ఆగస్టులో ప్రభుత్వం బడులకూ జూనియర్ కాలేజీలకూ ఫీజులు ఖరారు చేస్తూ జీవోలు ఇస్తే, పంచాయతీల్లో ప్రాథమిక బడికి 10,000, హైస్కూలుకు 12,000 ఎలా సరిపోతాయని వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. ఆ డిసెంబరులో కోర్టు ఆ జీవోలను కొట్టివేసింది. ఫీజు ఎంత ఉండాలన్న తగాదాలోకి నేను వెళ్లదలచుకోలేదు. ఎంతైనా సరే, అది ఫీజు అనే పేరుతోనే బోర్డు మీద ఉండాలి. తండ్రి ముందుగా చదువుకుని, కట్టగలనా లేదా అని ఇంట్లో కూర్చుని ఆలోచించుకోవాలి. వేరే బడితో పోల్చి చూసుకోవాలి. డొనేషన్‌లో ఆ వీలు లేదు. అది మనిషిని బట్టి, అతని చొక్కాను బట్టి, సిఫారసును బట్టి మారుతుంది. ఎవడు ఎక్కువ భయపడితే వాడు ఎక్కువ కడతాడు.

అందుకే నా విన్నపాలు కొత్త చట్టం కోసం కావు. ఉన్న చట్టాన్ని ఊళ్లోకి తీసుకురమ్మని. పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కోసం 2019లో చట్టం చేసి కమిషన్ పెట్టుకున్నాం. ఆ కమిషన్ ద్వారానో, మీ శాఖ ద్వారానో ఒక ఉత్తర్వు ఇప్పించండి. పిల్లవాడు చేరిన ఏడాదిలో, అతని కుటుంబం నుంచి ఏ పేరుతోనైనా విరాళం తీసుకోవడానికి వీల్లేదని అందులో ఉండాలి. నిజంగా ఇవ్వాలనుకున్న తండ్రి ఏడాది ఆగి ఇస్తాడు. పిల్లవాడు చదువు ముగించాక ఇస్తే ఇంకా మంచిది. బడి తీసుకునే ప్రతి విరాళం బ్యాంకు ద్వారా రావాలి. ఇప్పటికే పన్ను మినహాయింపు కోసం రెండు వేలకు మించిన నగదు విరాళం లెక్కకు రాదని కేంద్రం 2017 నుంచి నియమం పెట్టింది కాబట్టి ఇది కష్టమైన పనేమీ కాదు. ఆ ఏడాది ఎవరు ఎంత ఇచ్చారో, దాంతో ఏం కట్టారో బడి నోటీసు బోర్డు మీద తెలుగులో రాయాలి. నిజమైన దాత పేరు గోడ మీద రాస్తే సిగ్గుపడడు. వసూలు చేసినవాడు ఆ గోడ మీద రాయలేడు.

ఫిర్యాదు చేసే దారి ఇంకా ముఖ్యం. గంపలగూడెం నుంచి ఒక తల్లి రాజధానికి వచ్చి ఫిర్యాదు చేయలేదు. ఫోన్ నంబరు ఉన్నా, పేరు చెప్పమంటే పెట్టేస్తుంది. పిల్లవాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు బయటికి రాకుండా మండల విద్యాశాఖాధికారి దగ్గరే ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు చేయండి. ఒక బడి మీద అలాంటివి రెండు మూడు రాగానే అడ్మిషన్ల రోజుల్లోనే వెళ్లి ఖాతాలు చూడాలి. సెప్టెంబరులో తనిఖీకి వెళితే పుస్తకాలన్నీ శుభ్రంగానే ఉంటాయి. రుజువైన చోట పది రెట్ల జరిమానా ఒక్కసారైనా వేసి చూపించండి. జిల్లాకు ఒక్క బడి మీద నిజాయితీగా వేస్తే మిగతావాళ్లు మారతారు. ఆ జరిమానా డబ్బులో ఆ తల్లిదండ్రులు కట్టినంత వాళ్లకు తిరిగి ఇప్పించే మార్గం కూడా చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. అయ్యా, అమ్మా, మీరు అడిగే ప్రతి రసీదు మీ పక్క ఇంటి పిల్లవాడికి కూడా రక్షణ. ఫీజు తప్ప ఇంకేదైనా అడిగితే, అది ఏ పద్దు కిందో రాసి ఇమ్మనండి. ఇష్టంతో ఇచ్చేదని వాళ్లంటే, మాకు ఇష్టం లేదని చెప్పే హక్కు మీకుంది. ఒక్కరు చెబితే బెదిరిస్తారు, వ్యానులో పిల్లలను పంపే పదిమంది తల్లిదండ్రులు కలిసి చెబితే బెదిరించలేరు. మీకు ఇవ్వాలనే మనసు ఉంటే మీ ఊరి ప్రభుత్వ బడిలోకి ఒకసారి వెళ్లండి. అక్కడ పగిలిన కిటికీ రెక్కలు, నీళ్లు రాని కుళాయిలు, పాత అట్లాసులు మీకోసం ఎదురుచూస్తున్నాయి.

మంత్రి గారూ, మా ఊళ్లో మామిడి పూత డిసెంబరు, జనవరి నెలల్లో మొదలవుతుంది. పెద్ద సంస్థల మనుషులు వచ్చే ఏడాది సీట్ల కోసం ఇళ్ల చుట్టూ తిరగడమూ అప్పుడే మొదలవుతుంది. మీ ఉత్తర్వు అంతకు ముందే రావాలి. మండల విద్యాశాఖ కార్యాలయం గోడ మీద, పంచాయతీ ఆఫీసుల్లో, ప్రతి ప్రైవేటు బడి గేటు మీద అది తెలుగులో, పెద్ద అక్షరాలతో అంటించండి: ఇక్కడ ఫీజు తప్ప మరేదీ కట్టనక్కరలేదు, అడిగితే ఈ నంబరుకు చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తిరువూరు, ఎన్టీఆర్ జిల్లా.